షుఐబా నీటి చరిత్ర – కొలత తెలిసిన చేయి



మన మారిషస్ దీవిలో సంవత్సరానికి సగటున సుమారు 2,000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. ఆంధ్రదేశంలో కరువు సీమ అని పేరు పడిన అనంతపురంలో సుమారు 550 మిల్లీమీటర్లు. నేను ఉపాధ్యాయ వృత్తిలో ఉన్న ఈ కువైటు దేశంలో 110, 120 మిల్లీమీటర్లకు మించదు. నది లేదు. చెరువు లేదు. వాగు అని చెప్పదగినది వర్షం పడిన రెండు రోజులు మాత్రమే కనబడుతుంది. అయినా ఇక్కడ ఒక మనిషి రోజుకు వాడే మంచినీరు 400 లీటర్లకు పైగా ఉంటుందని లెక్కలు చెబుతున్నవి. మనిషి ఆరోగ్యంగా, శుభ్రంగా బ్రతకటానికి రోజుకు 50 నుండి 100 లీటర్లు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

నీరు లేని చోట ఇంత నీరు ఎట్లా వచ్చింది? వచ్చిన తరువాత మనిషి అలవాటు ఎట్లా మారింది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు షుఐబా అనే ఊరి చరిత్రలో ఉన్నది. ఆ చరిత్ర అరబ్బులది మాత్రమే కాదు. కడప సీమ నుండి, గోదావరి జిల్లాల నుండి వచ్చి ఇక్కడ చెమటోడ్చుతున్న తెలుగువారిది కూడా. ఓడ ఎక్కి చెరకు తోటలకు వచ్చిన వారి సంతతి అయిన మనకు కూడా అందులో ఒక పాఠం కలదు.

పడవల మీద వచ్చిన నీరు

షుఐబా కువైటు నగరానికి దక్షిణాన, ఫహాహీల్ పట్టణం పక్కన, సముద్రపు ఒడ్డున ఉన్నది. పూర్వం అది చిన్న తీర గ్రామం. అప్పటి కువైటు ప్రజలు ముత్యాలు ఏరి, చేపలు పట్టి, ఓడ వ్యాపారం చేసి బ్రతికేవారు. వారి పెద్ద ఓడలను 'బూమ్' అంటారు. వాటికి కావలసిన టేకు కలప మన భారతదేశపు మలబారు తీరం నుండి వచ్చేది. ఖర్జూరం ఎక్కించుకొని బొంబాయికి, కళ్లికోటకు పోయి, తిరిగి వచ్చేటప్పుడు కలప, బియ్యం, మసాలాలు తెచ్చేవారు. 1961లో దినారు వచ్చే వరకు ఇక్కడి బజారులో చెల్లిన డబ్బు రూపాయియే.

ఆ కాలంలో ఊరి బావులలో ఊరే నీరు కొంచెం, అది కూడా ఉప్పగా ఉండేది. జనం పెరిగేకొద్దీ బావులు చాలలేదు. అందువల్ల 20వ శతాబ్దపు మొదటి దశాబ్దాలలో ఇరాకులోని షత్ అల్ అరబ్ నదికి ఓడలు పంపి, మంచినీరు నింపుకొని తెచ్చుకోవటం మొదలుపెట్టారు. 1939లో ఈ పని కోసం ఒక నీటి కంపెనీయే ఏర్పడింది. ఓడ రేవు చేరగానే నీటిని తొట్లలో పోసేవారు. అక్కడి నుండి 'కందరి' అనబడే నీటి కూలీలు మేకతోలు తిత్తులలో నింపి, భుజాన మోసి, లేదా గాడిదల మీద వేసి ఇంటింటికీ అమ్మేవారు. గాలి అనుకూలించకపోతే ఓడ ఆలస్యమయ్యేది. ఓడ ఆలస్యమైతే ఊరు దాహంతో ఎదురు చూసేది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆనాటి గృహిణికి నీటి కొలత బాగా తెలుసు. ఒక తిత్తి నీరు ఎంత, దాని ధర ఎంత, అది ఎన్ని పూటలు వస్తుంది అనేది ఆమె లెక్క కట్టగలదు. ముఖం కడిగిన నీరు నేల కడగటానికి, నేల కడిగిన నీరు చెట్టుకు పోయేది. పొదుపు చేయమని ఆమెకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. నీటిని మోసి తెచ్చిన కూలీ బరువు ఆమె కళ్ల ఎదుట ఉండేది. అదే ఆమెకు ఉపన్యాసం.

సముద్రాన్ని మరిగించిన యంత్రాలు

1938లో బుర్గాన్‌లో చమురు దొరికింది. 1946లో మొదటి చమురు ఓడ బయలుదేరింది. ఆ తరువాత ఊరి రూపమే మారింది. చమురు కంపెనీ 1951లో మీనా అల్ అహ్మదీలో ఒక చిన్న యంత్రం పెట్టి సముద్రజలం నుండి మంచినీరు తీయనారంభించింది. 1953లో షువైఖ్‌లో రోజుకు 10 లక్షల గాలన్లు ఇచ్చే కర్మాగారం మొదలైంది. 1960 నాటికి అదే షువైఖ్‌లో కొత్త పద్ధతి యంత్రాలు వచ్చాయి. ఆ పద్ధతి తరువాత గల్ఫు దేశాలన్నింటికీ మార్గం చూపింది. షత్ అల్ అరబ్ నీటి ఓడలకు పని లేకుండా పోయింది.

1960లలో ప్రభుత్వం షుఐబాను పారిశ్రామిక ప్రాంతంగా ఎంచుకున్నది. ఓడరేవు కట్టారు. ఎరువుల కర్మాగారం వచ్చింది. 1968లో చమురు శుద్ధి కర్మాగారం పని ప్రారంభించింది. ఆ కర్మాగారం సుమారు అర్ధ శతాబ్దం నడిచి 2017లో మూతపడింది. వీటన్నింటికీ ప్రాణం వంటివి విద్యుత్తు, నీరు. అందుకని షుఐబా ఉత్తర కేంద్రం 1960ల మధ్యలోను, దక్షిణ కేంద్రం 1970ల ఆరంభంలోను పని చేయసాగినవి. ఒకే చోట విద్యుత్తు, ఒకే చోట మంచినీరు. ఒకే పొయ్యి మీద రెండు వంటలు అన్నమాట.

ఈ యంత్రం పని చేసే తీరు మన పిల్లలకు కూడా అర్థమవుతుంది. చమురును గానీ గ్యాసును గానీ మండించి ఆవిరి తయారు చేస్తారు. ఆ ఆవిరి ముందు విద్యుత్తు యంత్రాన్ని త్రిప్పుతుంది. తరువాత మిగిలిన వేడితో సముద్రజలాన్ని కాచి, ఒకదాని తరువాత ఒకటిగా ఉన్న గదులలోనికి పంపుతారు. ప్రతి గదిలోను గాలి ఒత్తిడి ముందు గదికంటే తక్కువ. ఒత్తిడి తగ్గేసరికి నీటిలో కొంత భాగం ఒక్కసారిగా ఆవిరి అవుతుంది. లోపలికి వచ్చే చల్లని సముద్రజలపు గొట్టాలకు ఆ ఆవిరి తగిలి, చల్లబడి, మంచినీరై కారుతుంది. మన ఇంట అన్నపు గిన్నె మూత అడుగున నీటి బొట్లు పట్టినట్లే. ఒకసారి ఇచ్చిన వేడిని ఈ గదులలో పలుమార్లు వాడుకుంటారు. అయినా ఖర్చు మాత్రం చిన్నది కాదు. ఆ తరువాత రుచి కోసం, ఆరోగ్యం కోసం కొద్దిగా భూగర్భ జలం కలిపి కుళాయికి పంపుతారు. ఇటీవలి సంవత్సరాలలో సన్నని పొరల గుండా నీటిని ఒత్తి ఉప్పును వేరు చేసే పద్ధతి కూడా వచ్చింది. దానికి వేడి అక్కరలేదు గాని విద్యుత్తు కావాలి.

నేల క్రింద నీరు బొత్తిగా లేదని కాదు. 1960 ప్రాంతంలో ఉత్తరాన రౌదతైన్ అనే చోట తియ్యని భూగర్భ జలం కనుగొన్నారు. అయితే అది వేల సంవత్సరాల క్రితం నిలువ అయిన నీరు. తోడితే తిరిగి నిండటం బహు తక్కువ. ఉప్పగా ఉండే భూగర్భ జలాన్ని వేరే గొట్టాల ద్వారా తోటలకు, పశువులకు, కట్టడాలకు ఇస్తున్నారు. త్రాగే నీటికి మాత్రం ముఖ్యమైన ఆధారం సముద్రమే.

యంత్రం తీసుకునే మూల్యం

ఉచితంగా వచ్చే నీరు లోకంలో లేదు. షుఐబా నీటికి రెండు మూల్యాలున్నవి. మొదటిది చమురు. కుళాయి త్రిప్పిన ప్రతిసారి ఎక్కడో పొయ్యి మండుతున్నది. ఆ పొగ గాలిలో కలుస్తున్నది. షుఐబా కర్మాగారాలకు దగ్గరలో ఉన్న ఉమ్ అల్ హైమాన్ ప్రాంతపు జనం గాలి కాలుష్యం గురించి ఎన్నో సంవత్సరాలుగా మొరపెట్టుకున్నారు. రెండవది సముద్రం. మంచినీరు తీసుకొన్న తరువాత మిగిలిన నీరు మునుపటి కంటే వేడిగా, మునుపటి కంటే ఉప్పగా సముద్రానికి తిరిగి పోతుంది. గల్ఫు సముద్రం లోతు సగటున సుమారు 35 మీటర్లు మాత్రమే. మహాసముద్రపు లీటరు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటే, ఇక్కడ 40 గ్రాములకు పైగా ఉంటుంది. అంతటి నిస్సారమైన, వేడి సముద్రంలోనికి మరింత వేడి, మరింత ఉప్పు చేరితే చేపలకు, పగడాలకు క్షేమం కాదు. మళ్లీ అదే సముద్రపు నీటినే రేపు కూడా తీసుకోవాలి.

ఈ ఆధారం ఎంత సున్నితమైనదో 1990లో తెలిసింది. ఆ సంవత్సరం ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువైటును ఆక్రమించింది. లక్షకు పైగా భారతీయులు అన్నీ వదలి, జోర్డాను ఎడారి దాటి, విమానాలలో ఇంటికి చేరుకున్నారు. అందులో మన తెలుగువారు కూడా ఉన్నారు. 1991 ఫిబ్రవరిలో దేశం విముక్తి పొందేసరికి ఆరు వందలకు పైగా చమురు బావులు మండుతున్నవి. సముద్రం మీద చమురు తెట్టెగా తేలింది. షుఐబా ఉత్తర కేంద్రం ధ్వంసమైంది. దానిని తిరిగి కట్టి పని చేయించటానికి 2010 దాటవలసి వచ్చింది. బావి పూడితే పూడిక తీయవచ్చు. నది ఎండితే వాన కోసం ఎదురు చూడవచ్చు. యంత్రం ఆగిపోతే మాత్రం ఈ దేశంలో నిలువ ఉన్న నీరే గతి. కువైటు నగరంలో పుట్టగొడుగుల వలె నిలిచిన నీటి గోపురాలు, 1979లో తెరచిన ప్రసిద్ధమైన కువైటు టవర్లు ఆ భయం నుండి, ఆ జాగ్రత్త నుండి పుట్టినవే.

కొలత మరచిన చేయి

ఇంత మూల్యం ఉన్న నీరు కుళాయి వద్ద ఎంత ధరకు వచ్చిందో చూడండి. ఇంటి వాడకానికి వెయ్యి గాలన్లు, అనగా 4,546 లీటర్లు, అనేక దశాబ్దాల పాటు 800 ఫిల్సులు మాత్రమే. దినారుకు వెయ్యి ఫిల్సులు. తయారు చేయటానికి అయ్యే ఖర్చు దీనికి ఎన్నో రెట్లు. మిగిలినది ప్రభుత్వం భరించింది. నేను తరగతిలో పిల్లలచేత ఈ లెక్క వేయిస్తుంటాను. షవరు క్రింద నిమిషానికి పది లీటర్ల చొప్పున పది నిమిషాలు నిలబడితే నూరు లీటర్లు. ఆ ధరలో దాని వెల సుమారు 18 ఫిల్సులు. చాయి కొట్టులో నూరు ఫిల్సులకు ఒక కప్పు చాయి త్రాగితే, ఆ డబ్బుతో అయిదు స్నానాలు చేసి ఇంకా కొంత మిగులుతుంది.

2016లో చేసిన చట్టం ప్రకారం మరుసటి సంవత్సరం నుండి అద్దె భవనాలకు, వ్యాపార స్థలాలకు రేట్లు పెంచారు. పౌరుల సొంత ఇళ్లకు మినహాయింపు ఇచ్చారు. అంతకు ముందే ప్రభుత్వం 'తర్షీద్' అనే పేరుతో నీరు, విద్యుత్తు పొదుపు ప్రచారం మొదలుపెట్టింది. తర్షీద్ అంటే సరియైన మార్గంలో వాడటం అని అర్థం. బడులలో, మసీదులలో, వార్తాపత్రికలలో ఆ మాట వినబడుతూ వచ్చింది.

రెండు తరాలలోనే ఈ మార్పు జరిగింది. అమ్మమ్మ తిత్తి నీటిని గిన్నెతో కొలిచి వాడింది. మనుమడు రబ్బరు గొట్టంతో కారు కడుగుతున్నాడు. మనుమడు చెడ్డవాడు కాదు. అమ్మమ్మ చేతికి తెలిసిన కొలత అతని చేతికి అందలేదు. అంతే. నీరు గోడ వెనుక గొట్టంలో వచ్చి, నేల క్రింద గొట్టంలో పోతున్నది. వచ్చేటప్పుడు బరువు తెలియదు, పోయేటప్పుడు లెక్క తెలియదు. కనబడని వస్తువును పొదుపు చేయటం మనిషికి కష్టం.

ఈ దేశపు మతసంప్రదాయంలోనే కొలత ఉన్నది. ప్రవక్త ఒక 'ముద్ద్' నీటితో వుజూ చేసేవారని ముస్లిములు చెప్పుకుంటారు. ముద్ద్ అంటే రెండు చేతులు కలిపి పట్టిన దోసిలి అంత కొలత, ముప్పాతిక లీటరు కంటే తక్కువ. నది ఒడ్డున ఉన్నా వృథా చేయరాదని వారి పెద్దలు బోధిస్తారు.

మన ఓడలలో కూడా ఈ నీరే

సముద్రపు నీటిని మరిగించి త్రాగటం మన చరిత్రకు కొత్త కాదు. 1834 తరువాత మన పూర్వీకులు కోరంగి నుండి, విశాఖపట్నం నుండి, మద్రాసు నుండి ఓడ ఎక్కి మారిషస్‌కు వచ్చారు. మనలను ఈనాటికీ 'కోరంగీలు' అని పిలిచేది అందుకే. వారాల తరబడి నడిసముద్రంలో ఉండే ఆ ఓడలలో నీటిని పీపాలలో నింపి, ఒక్కొక్కరికి కొలిచి పోసేవారు. 19వ శతాబ్దం రెండవ సగంలో వెస్టిండీసు వంటి దూర దేశాలకు కూలీలను తీసుకుపోయే ఓడలలో, ఉప్పునీటిని మరిగించి మంచినీరు చేసే యంత్రం కూడా పెట్టనారంభించారు. షుఐబా యంత్రానికి అది తాత వంటిది.

ఓడలో ఆ కొలత పై అధికారి పెట్టినది. అందులో దయ తక్కువ, అన్యాయం ఎక్కువ. ఆ రోజులు తిరిగి రావాలని ఎవరూ కోరరు. అయితే తోట కాంపులకు చేరిన తరువాత మన అవ్వలు తమంతట తాము నేర్చుకున్న కొలత వేరు. దూరపు కుళాయి నుండో, ఏటి నుండో బిందెతో తెచ్చిన నీటిని ఇంటిల్లిపాదికీ సరిపెట్టినది వారే. బియ్యం కడిగిన కడుగు నీటిని పశువుకు, గిన్నెలు తోమిన నీటిని కూరపాదుకు పోసినది వారే. పై వాడు విధించిన కొలత బానిసత్వం. తెలిసి తాను పెట్టుకున్న కొలత గౌరవం. నేను చెప్పదలచినది ఈ రెండవ కొలతను గూర్చి.

కడప సీమ నుండి వచ్చిన సోదరులు

షుఐబా, ఫహాహీల్, మంగాఫ్, అహ్మదీ ప్రాంతాలలో వెల్డింగు, పైపు పనులు, డ్రైవింగు, ఇంటి పనులు చేసే తెలుగువారు ఎందరో ఉన్నారు. వీరిలో చాలామంది రాయచోటి, రాజంపేట, పులివెందుల ప్రాంతాల వారు. గోదావరి జిల్లాల స్త్రీలు ఇళ్లలో పని చేస్తున్నారు. వారి మాట వినటం నాకు సంతోషం. మేము సాయంకాలపు తరగతులలో పుస్తకం నుండి నేర్చుకున్న తెలుగుకు వారి తెలుగు తల్లి వంటిది.

రాయచోటి వైపు నుండి వచ్చిన ఒక పెద్దాయనను, ఇంత దూరం ఎందుకు వచ్చారన్నా అని అడిగాను. "ఏం చెప్పమంటావు సార్! మా చేన్లో బోరు ఏపిస్తే దుమ్మొచ్చె. ఇంకోటి ఏపిస్తి, అదీ అంతే. ఆ అప్పు తీర్చేదానికే ఈడికొచ్చినా" అన్నాడు. కాసేపాగి, "ఈడ చూడు సార్, వానే లేదు, కొళాయి తిప్పితే నీళ్లు ఆగవు. మా ఊర్లో దేవుడు వానిచ్చినా నీళ్లు నిలబడ్లా" అన్నాడు.

ఈ మాటలో పెద్ద చరిత్ర ఇమిడి ఉన్నది. బోరు కోసం అప్పు, అప్పు కోసం కువైటు, కువైటు డబ్బుతో మళ్లీ ఇంకొక బోరు. ఇట్లా ఒక చక్రం తిరుగుతున్నది. ఇక్కడ నేల పైనున్న సముద్రాన్ని కాస్తున్నారు, అక్కడ నేల లోపలి నీటిని అడుగంట తోడుతున్నారు. రెండు చోట్లా రేపటిది ఈనాడే వాడుకోవటమే.

అదే కడప సీమలో పోరుమామిళ్ల అనే ఊరు ఉన్నది. అక్కడి చెరువు పేరు అనంతరాజ సాగరం. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో దానిని కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలే నూరు బండ్లు, రెండు సంవత్సరాలు పని చేసినట్లు అక్కడి సంస్కృత శాసనం చెబుతున్నది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను, చెరువును పాడు చేసే ఆరు దోషాలను ఆ శాసనం లెక్కించి చూపింది. ఆ దోషాలలో రెండు మనకు బాగా పనికివస్తాయి. ఒకటి, కట్ట నుండి నీరు కారిపోవటం. రెండవది, నీరు కొంచెమై, తడపవలసిన నేల విస్తారం కావటం. అనగా ఉన్నదానికి మించి ఆశ పెట్టుకోవటం. ఆరు వందల యాభై సంవత్సరాల క్రితమే మన పెద్దలకు ఈ లెక్క తెలుసు.

ఇంట్లో ఏమి చేయవచ్చు

ఇంతవరకు చరిత్ర చెప్పాను. చరిత్ర విని చేయి మారకపోతే లాభం ఏమి? ఇక్కడి తెలుగు కుటుంబాలలో నేను చూసిన, నేను కూడా పాటిస్తున్న కొన్ని పనులు చెబుతాను. ఇవి గొప్ప త్యాగాలు కావు.

మొదటిది, మీటరు చదవటం. నెలకొకసారి తేదీ పెట్టి అంకె వ్రాసి, పాత అంకె తీసివేసి, ఇంటిలోని మనుషుల సంఖ్యతో, రోజుల సంఖ్యతో భాగించండి. మనిషికి రోజుకు ఎన్ని లీటర్లో తేలుతుంది. ఈ పని ఇంటి పిల్లలకు అప్పగించండి. వారు లెక్క నేర్చుకుంటారు, పెద్దలను ప్రశ్నించటం కూడా నేర్చుకుంటారు.

రెండవది, బకెట్టు, చెంబు. మన బకెట్టు స్నానానికి 15, 20 లీటర్లు చాలు. పది నిమిషాల షవరుకు నూరు లీటర్లు. అయిదుగురు ఉన్న ఇంటిలో రోజుకు నాలుగు వందల లీటర్లు మిగులుతాయి. బకెట్టు స్నానం పేదరికానికి గుర్తని కొందరు యువకులు సిగ్గు పడుతున్నారు. సిగ్గు పడవలసినది దానికి కాదు.

మూడవది, కారే కుళాయి. క్షణానికి ఒక బొట్టు కారితే రోజుకు సుమారు 15 లీటర్లు పోతాయి. ఆ బొట్టును ఆపే రబ్బరు ముక్క వెల చాలా స్వల్పం. పోరుమామిళ్ల శాసనం చెప్పిన మొదటి దోషం మన వంటింటిలోనే ఉన్నది.

నాలుగవది, ఒకే నీటిని రెండుసార్లు వాడటం. బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీరు కరివేపాకు చెట్టుకు పోయవచ్చు. ఇక్కడ వేసవిలో సముద్రపు తేమ గాలి వల్ల ఏసీ గొట్టం నుండి రోజూ నీరు కారుతుంది. దాని క్రింద బకెట్టు పెట్టి, ఆ నీటితో ఇల్లు తుడిచే గృహిణులు ఉన్నారు. అది త్రాగటానికి పనికిరాదు, తుడవటానికి చక్కగా పనికివస్తుంది.

అయిదవది, విద్యుత్తు. ఈ దేశంలో నీరు, విద్యుత్తు ఒకే పొయ్యి మీద తయారవుతాయని పైన చెప్పాను. కనుక దీపం ఆర్పినా నీరు పొదుపు చేసినా ఆ పొయ్యికే మేలు. 2016 జూలైలో కువైటులోని మిత్రిబాలో 53.9 డిగ్రీల వేడి నమోదైంది. ఇటువంటి చోట ఏసీ మానమని చెప్పటం న్యాయం కాదు. కాని గదిని చలికాలం చేసి దుప్పటి కప్పుకొని నిద్రించటం మాత్రం అక్కరలేదు. 24 డిగ్రీల వద్ద ఉంచితే ఒంటికి హాయి, పొయ్యికి విశ్రాంతి.

ఆరవది, అన్నం. ఒక కిలో బియ్యం పండించటానికి సగటున సుమారు 2,500 లీటర్ల నీరు పడుతుందని శాస్త్రజ్ఞుల అంచనా. కువైటులో తినే బియ్యంలో చాలా భాగం భారతదేశం నుండి వస్తున్నది. కనుక విందులో ఒక పళ్లెం అన్నం చెత్తకుండీలో పడితే, అక్కడి పొలంలోని నీరు ఇక్కడి కుండీలో పారబోసినట్లే. వడ్డించేటప్పుడే కొంచెం వడ్డించి, కావాలంటే మళ్లీ వేయటం మన పాత పద్ధతి. ఆ మర్యాద విడువరాదు.

ఒక ఆక్షేపణ

కొందరు మిత్రులు నాతో వాదిస్తారు. "ఒక చోట ఎనిమిదిమంది కలిసి ఉంటూ బకెట్టుతో స్నానం చేసే కూలీకి పొదుపు పాఠం చెప్పటం ఎందుకు? పెద్ద తోటలు, ఈత కొలనులు ఉన్నవారికి చెప్పండి. కర్మాగారాలకు చెప్పండి" అంటారు. ఈ మాటలో న్యాయం ఉన్నది. తక్కువ వాడేవాడికి ఎక్కువ బోధ, ఎక్కువ వాడేవాడికి తక్కువ ధర అనేది ధర్మం కాదు. నీటి ధర ఎట్లా పెట్టాలి, పాత గొట్టాలు ఎప్పుడు మార్చాలి, మురుగు నీటిని శుద్ధి చేసి ఎక్కడ వాడాలి అనేవి ప్రభుత్వాలు చేయవలసిన పనులు. కువైటు 2000ల దశకంలోనే సులైబియాలో మురుగు నీటిని శుద్ధి చేసే మహా కర్మాగారం కట్టి, ఆ నీటిని వ్యవసాయానికి ఇవ్వనారంభించింది. అటువంటి ఒక్క పని లక్ష ఇళ్ల పొదుపుతో సమానం కావచ్చు.

అయినా నా సమాధానం ఒకటి ఉన్నది. తన ఇంటి కొలత తెలియని వాడు ప్రభుత్వాన్ని కొలత అడుగలేడు. తన మీటరు చదివినవాడే ఊరి గొట్టం ఎక్కడ కారుతున్నదని అడుగుతాడు. ఇంటి పొదుపు ప్రభుత్వపు పనికి బదులు కాదు. ఆ పనిని అడగటానికి మనకు హక్కు, తెలివి ఇచ్చేది అది.

మన దీవికి ఈ పాఠం

వర్షాలు కురిసే మారిషస్‌లో కూర్చున్న మనకు ఎడారి కథ ఎందుకని అనుకోవద్దు. 1999 నాటి కరువు మనలో పెద్దలకు జ్ఞాపకమే. చెరకు ఎండిపోయింది. మార్ ఓ వాకోవా జలాశయం అడుగు కనబడింది. కుళాయిలకు గంటలు పెట్టారు. 2022 చివర, 2023 ఆరంభంలో వాన ఆలస్యమై మరల అదే అవస్థ వచ్చింది. శుద్ధి చేసి పంపిన నీటిలో సుమారు సగం పాత గొట్టాల వల్ల ఇళ్లకు చేరకుండానే పోతున్నదని చాలాకాలంగా చెబుతూ వచ్చారు. రోడ్రీగ్ దీవిలో సముద్రజలాన్ని మంచినీరు చేసే యంత్రాలు ఇప్పటికే ఉన్నవి. వాన మీద భరోసా తగ్గేకొద్దీ మనం కూడా షుఐబా మార్గాన్నే పట్టవలసి వస్తుందేమో. కాని షుఐబాకు తన చమురు ఉన్నది. మనకు లేదు. మనం సముద్రాన్ని కాచవలసి వస్తే కొని తెచ్చిన ఇంధనంతో కాచాలి. ఆ బరువు మన పిల్లల మీద పడుతుంది.

అందుచేత మన సంఘాలకు, తెలుగు తరగతులు నడిపే సోదర సోదరీమణులకు నా మనవి. ఈ ఉగాది నుండి ప్రతి తెలుగు తరగతిలో పిల్లలచేత ఇంటి నీటి మీటరు అంకెలు తెలుగులో వ్రాయించండి. ఒకట్లు, పదులు, వందలు అనే మాటలు కూడా వస్తాయి, నీటి విలువ కూడా వస్తుంది. ఇంటిలోని అవ్వను, తాతను కాంపులో నీరు ఎక్కడి నుండి తెచ్చేవారో, ఎన్ని బిందెలతో ఇల్లు గడిపేవారో అడిగి వ్రాసుకొని రమ్మనండి. ఆ జ్ఞాపకాలు ఉన్నవారు మనలో ఏటేటా తగ్గిపోతున్నారు. వారు పోయిన తరువాత ఆ లెక్క మనకు ఏ పుస్తకంలోను దొరకదు.

బొట్టు బొట్టు కలిస్తేనే సముద్రం అని మన పెద్దలు అన్నారు. షుఐబాలో సముద్రాన్ని తిరిగి బొట్టు బొట్టుగా చేసి మన చెంబులో పోస్తున్నారు. ఆ చెంబును ఎంతవరకు నింపాలో నిర్ణయించవలసినది మాత్రం దానిని పట్టుకున్న చేయి.